తొండకు పరుపు

"ఇసుక వద్దక్కా. తిండితోని మింగితే పేగుల్ల ఇరుక్కుంటది," అంటూ భూషణం అంగీ జేబులోంచి తొండను తీశాడు. కాకులు పొడుస్తుంటే చిల్కానగర్ ప్లాట్లలోంచి కాపాడి తెచ్చాడు దాన్ని. అట్టపెట్టె సిద్ధంగానే ఉంది. అడుగున ఏం పరచాలన్నదే తేలడం లేదు.

"రంపంపొట్టు?" అడిగింది అక్క శాంతాబాయి.

"గదీ మింగుతది."

"గోనెపట్ట?"

"గోర్లు చిక్కుతయ్. పాత పేపరే మంచిది."

శాంతాబాయి గబుక్కున వెళ్లి పాత పేపర్ల కట్ట మీద కూర్చుంది. "గదొక్కటి ఇయ్యను! అక్షరాలంటే సరస్వతి, తమ్మీ. తొండతోని తొక్కిస్తవా?"

ఇంతలో తొండ అతని చేతిలోంచి జారి, నేల మీదున్న ఆనాటి పేపరెక్కింది. ముందుకాళ్ల మీద లేచి, తల కిందికీ పైకీ మూడుసార్లు ఊపింది.

శాంతాబాయి నోటి మీద చెయ్యేసుకుంది. "అయ్యో, కాలు తగిలిందని మొక్కుతున్నది తమ్మీ!"

తొండలన్నీ అలాగే తల ఊపుతాయని భూషణం చెప్పలేదు. "మరి నువ్వు దేని మీద కూసున్నవక్కా?" అన్నాడు.

ఆమె దిగ్గున లేచింది. కట్టను తాకి కళ్లకద్దుకుంది. పైనున్న నాలుగు పేపర్లు తీసి, తనే పెట్టెలో ముడతలు లేకుండా పరిచింది.

"పండుకో బిడ్డా," అంది తొండతో. "గీ ఇంట్ల నాకన్న నీకే భక్తి ఎక్కువున్నది."