అదే కోటు, అదే గుండీ

ఉప్పు డబ్బా మూత ఎవరు తీసి వదిలేశారన్న దాని మీద ఆ ఉదయం అత్తాకోడళ్ళకు మాటామాటా పెరిగింది.

"నేను వంటింట్లోకే రాలేదు," అంది కోడలు.

"వచ్చావమ్మా. నీకే గుర్తుండి ఉండదు," అంది అత్తగారు మెత్తగా.

ఆ మెత్తదనమే కోడలికి గుచ్చుకుంది.

చేసిన పని చేయలేదనుకోవడం, చేయని పని చేశాననుకోవడం. ఆమె జబ్బు అలాగే మొదలై, మూడు నెలలు మానసిక వైద్యశాలలో ఉంచింది. మళ్ళీ అలాంటిదేమైనా కనబడితే వెంటనే తీసుకురమ్మన్న డాక్టరు మాట ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు.

గడ్డం గీసుకుంటున్న భర్త తల బయటపెట్టి, ఆ ఉప్పు దొంగ తనేనని, కావాలంటే సంకెళ్ళు వేసుకోమని ఒప్పుకున్నాడు. అత్తగారు నవ్వేసింది.

కోడలు నవ్వలేదు. ఆమెకు భయం మూత గురించి కాదు, కోటు గురించి.

ఇంటికొచ్చిన రెండో వారంలో ఆమె ముందుగదిలోని కుట్టుమిషను దుమ్ము దులిపింది. ఆ గురువారం కుట్టుపనికి మొదట వచ్చిన మనిషి ఒక పెద్దావిడ. చేతిలో బూడిదరంగు కోటు, దానికి పైనుంచి మూడో గుండీ లేదు. ఆ గుండీని గుప్పిట్లోంచి తీసి ఇచ్చి, కుట్టించుకుని వెళ్ళింది.

మళ్ళీ గురువారం, అత్తగారు కునుకు తీసే వేళకే వచ్చింది. అదే కోటు. మూడో గుండీ లేదు.

"పోయిన వారం కుట్టాను కదండీ?"

"ఏమోనమ్మా. ఇప్పుడైతే లేదుగా," అంది పెద్దావిడ.

మూడో గురువారమూ అంతే. గుండీ కుడుతున్నంతసేపూ ఆవిడ సూది వంక చూడదు, కుట్టే మనిషి ముఖంలోకే చూస్తుంది. రెండే ప్రశ్నలు అడుగుతుంది. నిద్ర పట్టిందా? భోజనం చేశావా? చెప్పులు విడిచిన చప్పుడుండదు, తొడుక్కున్న చప్పుడుండదు. తలెత్తేసరికి ఎదుట ఖాళీ స్టూలు ఉంటుంది.

ఉండబట్టలేక అత్తగారిని అడిగింది, ఆ కోటావిడ వెళ్ళడం చూశారా అని. ఏ ఆవిడ, ఏ కోటు అని అత్తగారు ఎదురడిగి, కాసేపు కోడలినే చూస్తూ ఉండిపోయింది. ఆ సాయంత్రం భర్త, మాత్రలు వేసుకుంటున్నావా అని మామూలుగా అడిగినట్టు అడిగాడు.

ఆ తర్వాత ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు.

నిజంగా కుట్టిందా, కుట్టాననుకుందా? అసలు ఎవరైనా వస్తున్నారా? మళ్ళీ ఆ వార్డేనా, ఆ ఊచల కిటికీయేనా?

నాలుగో గురువారం ఒక పని చేసింది. గుండీ కింద బయటికి కనబడకుండా ఎర్రదారంతో రెండు ముడులు వేసింది.

ఐదో గురువారం గుండీ లేదు. ఎర్రముడులున్నాయి.

వేలికొసతో తడిమి చూసింది. దారం దానంతటదే తెగితే పీచు లేస్తుంది. ఇది నున్నగా ఉంది. కత్తెర పెట్టి కోసిన దారం.

అయితే తను కుట్టింది నిజమే. గుండె తేలికపడింది. ఆ తర్వాత అరికాలి మంట నెత్తికెక్కింది.

"మీరే కోస్తున్నారు."

"అవునమ్మా," అంది పెద్దావిడ తడుముకోకుండా. "ఎలా కనిపెట్టావు?"

"నన్ను మళ్ళీ పిచ్చిదాన్ని చేద్దామనా? ఇంకోసారి ఈ గడప తొక్కకండి."

ఆవిడ ముఖం పాలిపోయింది. అలా అవుతుందని తనకు తట్టలేదంది. కోటు మడిచి చంకన పెట్టుకుంది.

"చెయ్యి వణకడం తగ్గింది. మంచిదమ్మా," అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆస్పత్రిలో తన చెయ్యి వణికేదని ఆవిడకెలా తెలుసు? కోడలు వీధిలోకి పరుగెత్తింది. ఎండలో ఎవరూ లేరు.

మరి రెండు గురువారాలు ఖాళీగా గడిచాయి.

నెలవారీ పరీక్షకు వెళ్ళినప్పుడు ఈ వింత అంతా వార్డు నర్సుకు చెప్పింది. నర్సు రాస్తున్న కలం పక్కన పెట్టేసింది. నర్సు చెప్పిందంతా విని కోడలు భర్తతో ఇంటికి తిరిగొచ్చింది.

మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నాక నోరు విప్పింది.

"రేపు గురువారం నుంచి వారానికో గంట నేను బయటికి వెళ్తాను. మా వార్డు నుంచి ఒకమ్మాయి మొన్న నయమై వాళ్ళింటికెళ్ళిందట. నర్సమ్మ వాళ్ళనడిగింది, రమ్మన్నారట. వెళ్ళి చూసొస్తాను."

అత్తగారి చేతిలో గరిటె ఆగింది. "మనకేమవుతుందే ఆ పిల్ల?"

"ఏమీ కాదు. నేనేమవుతానని వచ్చింది ఆ కోటావిడ?"

"ఆవిడ నిజంగానే ఉందా?" అనేసి భర్త నాలుక కరుచుకున్నాడు.

"ఉంది. ఆస్పత్రి బట్టల గదిలో పని. ఇంటికెళ్ళే రోజు మన బట్టలు మనకు కిటికీలోంచి అందించేది. నేను చేతులే చూశాను, ముఖం చూడలేదు. పరాయి ఇంటికి వెళ్ళాలంటే ఏదో ఒక సాకుండాలి కదా, ఆవిడకు తోచింది ఆ గుండీ ఒక్కటే. నేను సాకులు చెప్పను. నిన్ను చూడ్డానికే వచ్చానంటాను."

అత్తగారు గరిటె గిన్నెలో పెట్టేసింది. "ఈసారి వస్తే నన్ను లేపు. ఇంట్లోకి పిలుద్దాం."

"రాదత్తయ్యా. పోయిన వారం చనిపోయింది."

కోడలు మళ్ళీ మెల్లగా అంది.

"ఆ కోటు వాళ్ళమ్మాయిదట. వార్డులో నాకంటే ముందు నా మంచం మీదే పడుకుని, నయమై ఇంటికెళ్ళి, ఏడాదిపాటు బయటి మనిషి ఒక్కరూ తలుపు తట్టని ఇంట్లో ఉండి ఉండి ప్రాణం తీసుకున్న పిల్లకు కన్నతల్లి, ఆవిడ."