మూడో కంచం

తప్పులుంటే దిద్దుకుని చదవండి. యాభయ్యో ఏట వయోజన విద్య బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. ఒత్తుల దగ్గర ఇప్పటికీ తడబడతాను. ఒక పేజీకి వారం పడుతుంది. ఈ సంగతంతా పాపాయమ్మ మంచం పట్టాక తనే చెప్పింది. విన్నది విన్నట్టు రాశాను.

"మూడు కంచాలెందుకమ్మా? మనం ఇద్దరమేగా" అంది పాపాయమ్మ.

"ఉండనీయే" అంది ఎలీసమ్మ. తడుముకుంటూ మూడో కంచాన్ని పీట ముందు సరిగ్గా పెట్టింది.

అది 1987. పాపాయమ్మ కువైట్ నుంచి వచ్చిన మొదటి సాయంత్రం. ఎలీసమ్మకు అప్పటికే రెండు కళ్లకీ పొరలు కమ్మి చూపు పోయింది. ఆమె ఒక్కగానొక్క కూతురు మరియమ్మ, మొగుడు పోయిన మరుసటి ఏడే కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. ఆ వెళ్లడం తొమ్మిదేళ్లు తిరిగి రాలేదు. ఈలోగా ఎనభై ఆరు వరదకి గోదావరి మధ్యనున్న వాళ్ల లంక కొట్టుకుపోయింది. జనం తలోదిక్కూ పోయారు. ఎలీసమ్మకు ముక్తేశ్వరం దగ్గర కాలనీలో ఇల్లిచ్చారు. అక్కడ మరియమ్మ ముఖం ఎరిగినవాళ్లు ఒక్కరూ లేరు.

అందుకే పాపాయమ్మ గుమ్మంలో నిలబడి, "అమ్మా, నేను మరియమ్మని" అనగలిగింది.

కువైట్‌లో ఇద్దరిదీ ఒకే గది. పాపాయమ్మది రాజోలు వైపు, నా అన్నవాళ్లు లేరు. ఆమె పాస్‌పోర్టు పాత యజమాని దగ్గరే ఉండిపోయింది. మరియమ్మకు ఇంటికి టికెట్టు వచ్చిన వారమే విషజ్వరం పట్టుకుంది. రెండు రోజులకి మించి బతకదన్నాడు డాక్టరు. పాపాయమ్మ ఆ రెండు రోజులూ ఆగలేదు. మరియమ్మ తలగడ కింద నుంచి పాస్‌పోర్టు, టికెట్టు తీసుకుంది. ముసుగు వేసుకున్న పాత ఫొటోలో ఎవరి ముఖమైనా ఒకటే. అమ్మ కోసం మరియమ్మ కొని పెట్టిన టీవీ కూడా ఆమె సామానుతోనే వచ్చింది. లంక కబుర్లు, అమ్మ కబుర్లు మరియమ్మ నోట విని విని పాపాయమ్మకు కంఠతా వచ్చు. తెలిసిపోతే ఈ ఇల్లూ పోతుంది, అమ్మా అని పిలిచే చోటూ పోతుంది. ఆమెకు ఉన్న భయం అదొక్కటే.

వెదురు గడకి ఏంటెన్నా కట్టారు. టీవీ తెర మీద ముగ్గు చల్లినట్టు చుక్కలు, వాటి వెనక బొమ్మలు. గురువారం సాయంత్రాలు హిందీలో ఒక సీరియల్ వచ్చేది. పదమూడు వారాలు కలిపి ఒక భాగం. కాలనీ అంతా వాకిట్లో చేరేది. కువైట్ ఇంట్లో బొంబాయి వంటమనిషి దగ్గర హిందీ నేర్చిన పాపాయమ్మ కథ చెప్పేది. భాగం అయిపోయిన రోజున, చర్చిలో ఆడవాళ్ల కూటం నడిపే ఎలీసమ్మ దాని నీతి చెప్పాలి.

మొదటి భాగంలో, ఆకాశంలో చుక్కల మధ్య తిరిగే ఓడ ఒకటి. ఓడ నడిపేవాడి చెల్లెలు ఏదో నక్షత్రం మీద తప్పిపోతుంది. అక్కడి జీవి ఆమె రూపం తొడుక్కుని ఓడెక్కుతుంది. అన్న సంతోషంతో ఏడుస్తాడు. 

"ఏటండి ఎలీసమ్మగారూ, దీని నీతి?" అన్నాడు కాలవ తూముల దగ్గర నీళ్లొదిలే లస్కరుగా చేసి మానేసిన దానం.

"కన్నీళ్లున్న కంటికి మనిషి ఆనడు, దానం."

అంటున్నంతసేపూ ఆమె చెయ్యి పాపాయమ్మ మణికట్టు మీదే ఉంది.

రెండో భాగంలో ఆ జీవి అన్నకి వండి పెడుతుంది, జబ్బు చేస్తే దగ్గరుండి చూస్తుంది. తను చెల్లెల్ని కాదన్న సంగతి దానికే మరుపొస్తుంది. 

"ఎన్నేళ్లు కట్టినా వేషం వేషమే. వండిన కూడు మాత్రం నిజం కూడే" అంది ఎలీసమ్మ.

ఆ వారమే అమలాపురంలో కంటి ఆపరేషన్లు ఊరికే చేస్తున్నారని దానం కబురు తెచ్చాడు. పాపాయమ్మ చేతిలో చెంబు జారింది. ఎలీసమ్మకు చూపొస్తే చాలు, తన పని అయిపోయినట్టే. అయినా వెళదామని నోరు తెరిచే లోపు ఎలీసమ్మే వద్దంది.

"ఇప్పుడు చూసి చేసేదేం ఉంది? నాకిలాగే బాగుంది."

మూడో భాగం ఆఖరి గురువారం కరెంటు పోలేదు. పోతే బాగుండునని పాపాయమ్మ ఆ సాయంత్రమంతా అనుకుంది. ఓడలోని రేడియోలో ఒక ఆడగొంతు పిలుస్తోంది. అసలు చెల్లెలు బతికే ఉంది. వదిలేసి వచ్చారు. ఓడ వెనక్కి తిప్పాలా వద్దా అన్నది ఆ జీవి చేతిలో ఉంది.

పాపాయమ్మ కథ మార్చేసింది. రేడియోలో ఏమీ వినపడలేదని, చెల్లెలు ఎప్పుడో పోయిందని చెప్పింది. జనం నిట్టూర్చి లేచారు. ఆ రోజు ఎలీసమ్మ నీతి చెప్పలేదు. అందరూ వెళ్లాక అడిగింది.

"ఆ పిల్ల పోయిందా?"

"పోయిందమ్మా."

"పోవడం నువ్వు చూసేవా?"

టీవీ కట్టేసి ఉంది. పాపాయమ్మకు ఆ చీకటి గాజులో తన నీడ కనిపించింది. దాని వెనకాల ఇంకొకరు నిలబడ్డట్టు అనిపించింది. తిరిగి చూడలేదు.

"చూడలేదమ్మా."

"అయితే తలుపు గడియ వెయ్యకు. ఆ కంచం తియ్యకు. ఇదే నీతి."

రెండేళ్లకి ఎలీసమ్మ పోయింది. పోయే ముందు పాపాయమ్మ రెండు చేతులూ దగ్గరికి లాక్కుని, ఒక్కొక్క వేలూ తడిమి, "చల్లగా ఉండు తల్లీ, ఎవరి బిడ్డవో" అంది. ఆ తర్వాత కూడా పాపాయమ్మ తలుపు గడియ వెయ్యలేదు. ఏళ్ల తరబడి ప్రతి పూటా ఆ కంచం కడిగి, పీట ముందు పెట్టి, అన్నం వడ్డించి, చల్లారాక తీసేది.

నా పేరు మరియమ్మ, వయసు అరవై ఎనిమిది, ఆ జ్వరం నుంచి బతికి, గడియ వెయ్యని ఆ తలుపు తోసుకుని వచ్చి, ఇప్పుడు ఆ ఇంట్లోనే ఉంటున్నాను.