తూఫాన్ కొత్త క్యాసెట్

"ఆపు! ఆపవయ్యా అనంతయ్యా!"

బాలప్ప అరుపుకు హోటల్లో అందరూ చాయ్ గ్లాసులు దించారు.

"ఇది ఉస్మాన్ గొంతు కాదు."

తాండూరు స్టేషన్ ఎదుట అనంతయ్య హోటల్. టేప్ రికార్డర్‌లో తూఫాన్ వాళ్ల కొత్త క్యాసెట్.

తూఫాన్ అంటే వికారాబాద్ కుర్రాళ్లు కట్టిన బ్యాండు. రెండు గిటార్లు, డ్రమ్ములు, వాటన్నిటినీ మించి ఉస్మాన్ గొంతు. మొదటి క్యాసెట్ అట్ట మీద గిటారు బొమ్మే తప్ప మనిషి ఫొటో లేదు. తాండూరులో ఉస్మాన్ మొఖం చూసినవాడు లేడు. గొంతు తెలియనివాడూ లేడు.

బాలప్ప నాపరాళ్ల పాలిషింగ్ మిషన్ మీద పనిచేస్తాడు. భార్య సత్యమ్మ చనిపోయినప్పుడు అన్నం మానేసి గోడకు ఆనుకున్నవాణ్ణి మళ్లీ మనుషుల్లో పడేసింది ఆ గొంతే.

ఇప్పుడు పాడుతున్నది ఇంకెవరో.

"ఎవడో కరీమట," అన్నాడు అనంతయ్య. "ఉస్మాన్‌తోటి కొట్లాట పెట్టుకొని ఎల్లగొట్టిండ్రంటున్నరు."

"ఎల్లగొడ్తరా? ఆయన లేకుంటే వీళ్లెవరు?"

"థూ!" అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు.

మూల బెంచీ మీద ఒకాయన కళ్లు మూసుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్లుంటాయి. బక్కపల్చటి మనిషి. అంత ఎండలోనూ మెడకు మఫ్లర్. ఈ ఊరివాడు కాడు.

పాట ఆగగానే కళ్లు తెరిచాడు. మళ్లీ పెట్టమని చేత్తో సైగ చేశాడు.

"నీకు నచ్చిందా?" బాలప్ప అడిగాడు.

ఆయన నవ్వుతూ తలూపాడు.

"నోరు లేదా? చెప్పు."

ఆయన మెడ తాకి చూపించి, లేదన్నట్టు చెయ్యి ఆడించాడు.

"మూగోడా! మూగోనికి పాటల సంగతేం ఎరుక?"

హోటలంతా నవ్వింది.

ఆయన నొచ్చుకోలేదు. బాలప్ప చెయ్యి పట్టుకుని, మొత్తం ఒక్కసారి విను అన్నట్టు చెవి చూపించి బతిమాలాడు.

బాలప్ప విదిలించుకున్నాడు. క్యాసెట్ బయటికి లాగి, నేలకేసి కొట్టి, చెప్పు కాలితో తొక్కాడు.

ఆయన కింద కూర్చుని, చిక్కుపడ్డ రీలును నెమ్మదిగా ఒళ్లోకి తీసుకోసాగాడు.

"కొన్నది నేను. నీకేంది నొప్పి?" అని బాలప్ప వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం మార్కెట్ మైదానంలో తూఫాన్ ప్రోగ్రాం. తాండూరుకు రావడం వాళ్లకదే మొదలు. మైదానం కిక్కిరిసింది.

కరీం మైకు ముందుకొచ్చాడు. నూనూగు మీసాలవాడు. పాట ఎత్తుకున్నాడు.

"ఉస్మాన్ ఏడీ?" ముందు వరుసలోంచి బాలప్ప కేక.

"ఉస్మాన్! ఉస్మాన్!" మైదానమంతా అందుకుంది.

కరీం గొంతు వణికింది. అయినా ఆపలేదు.

మొదట చెప్పులు లేచాయి. తర్వాత మట్టిబెడ్డలు. పక్కనే కడుతున్న గోడ కోసం పోసిన రాళ్ల కుప్ప ఉంది. బాలప్ప చేతికి పలక ముక్క ఒకటి దొరికింది.

"దిగుర! అది ఉస్మాన్ జాగ!"

విసిరాడు.

అదే క్షణంలో స్టేజీ వెనక నుంచి ఒక మనిషి పరిగెత్తుకొచ్చి, చేతులు చాచి కరీంకు అడ్డంగా నిలబడ్డాడు. పొద్దుటి మూగాయన.

రాయి కణతకు తగిలింది. మొదలు నరికిన చెట్టులా కూలిపోయాడు.

గిటార్లు ఆగిపోయాయి.

అందరికంటే ముందు స్టేజీ ఎక్కింది బాలప్పే. ఆయన్ని భుజాన వేసుకుని దవాఖానకు ఉరికాడు.

"జర ఓపిక పట్టు అన్నా. వచ్చినం. వచ్చేసినం."

భుజం మీద మనిషి మూలగనైనా లేదు.

డాక్టరు చెయ్యి పట్టి చూశాడు. కనురెప్పలు ఎత్తి చూశాడు. దుప్పటి మొఖం మీదికి లాగాడు.

వరండాలో పోలీసు జవాను అడిగాడు. "ఎవరు కొట్టిండ్రు?"

"నేనే సార్," అన్నాడు బాలప్ప. "గీ మూగాయన్ని కొట్టాలనుకోలె. అడ్డమొచ్చిండు."

గోడవారన కూలబడిన కరీం తలెత్తాడు.

"మూగోడు కాదన్నా. గొంతుల కేన్సర్ పుట్టింది. పోయిన ఎండకాలం ఆపరేషన్ చేసి గొంతు తీసేసిండ్రు."

బాలప్ప అతని వంక చూశాడు.

"క్యాసెట్‌ల పాటలన్ని ఆయనే కట్టిండు. తాళం చేతులతోటి, రాగం గిటారుతోటి నేర్పిండు. నాకు రాకుంటే ఏడిచిండు, వస్తే కావలించుకున్నడు. నా సంగతి ఎవరికీ చెప్పొద్దు, జాలిపడి వినొద్దు, మంచిగుంటే వినాలె అని మాకు కాయితం మీద రాసి చూపిండు. తాండూరోళ్లు ఏమంటున్నరో చెవులార వింటనని పొద్దుగాలనే మా కంటే ముందు రైలెక్కిండు."

"పేరేంది?" జవాను అడిగాడు.

కరీం జవాను వైపు చూడలేదు, బాలప్ప వైపు చూశాడు.

"నువ్వు గొంతు చించుకొని పిలిచిన పేరే అన్నా... ఉస్మాన్."