చుక్కి ఎందుకు తింది?

మీరేం చూశారో చెప్పండి! పెరట్లో చుక్కి అనే కుక్కపిల్ల తన మలం తానే తింటుంటే, "ఛీ" అని మొహం తిప్పుకున్నారు, అంతేగా? కోడిపుంజూ అదే చేసింది.

"అది నోరా, పెంటగుంటా? ఇంకొక్కసారి తిన్నావంటే అమ్మగారు నిన్ను కాలవ అవతల వదిలేస్తారట. పీడా పోతుంది!" అంది పుంజు.

ముసలి కోడిపెట్ట మాత్రం మొహం తిప్పుకోలేదు. "ఎందుకు తింటున్నావే తల్లీ?" అని దగ్గరికెళ్లి అడిగింది.

"పెంట కనబడితే అమ్మగారు చీపురు తిరగేసి కొడుతున్నారు, అత్తా. అందుకే కనబడకుండా చేస్తున్నా," అంది చుక్కి.

పెట్టకు ఒళ్లు మండింది. "కొట్టి నేర్పిన విద్య ఇదన్నమాట! రా నాతో," అని దాన్ని అరటిచెట్ల వెనక్కి తీసుకెళ్లింది. "ఇక్కడ కానిచ్చి పక్కకు జరుగు. మన్ను గీరడానికి నా కాళ్లున్నాయిగా!"

చుక్కి కానిచ్చింది. పెట్ట గబగబా మట్టి కప్పేసి, "శభాష్, నా బంగారు తల్లీ!" అంది.

మూడో రోజుకల్లా చుక్కి తనంతట తానే తోకాడిస్తూ అరటిచెట్ల వెనక్కి పరుగెత్తింది. శుభ్రమైన దాని మూతి చూసి అమ్మగారు కాలవ మాటే మరిచిపోయారు.

సరే, మీకు భయపడి తన తప్పును తానే మింగుతున్నది మీ ఇంట్లో ఎవరు?