మా ఆవిడ కాఫీ

“ఆయనకీ మీకూ తప్ప ఇంకెవరికీ తెలియని సంగతి ఒక్కటి చెప్పండమ్మా. ఒక్కటి చాలు,” అన్నాడు పత్రికాఫీసు నుంచి వచ్చిన పెద్దాయన.

విలేకరులను యుద్ధాలకు పంపడం, వెళ్ళినవాళ్ళను క్షేమంగా వెనక్కి రప్పించడం ఆయన ఉద్యోగం. మొదటి పని తేలిక. రెండో పనికే ఆయన జుట్టంతా నెరిసిపోయింది.

ఎదురుగా సోఫాలో అత్తాకోడళ్ళు కూర్చున్నారు. ఒకరికి కొడుకు, ఒకరికి మొగుడు అయిన మనిషి పరాయి దేశపు యుద్ధం గురించి రాయడానికి వెళ్ళి, ఏదో చెక్‌పోస్టు దాటాక కనిపించకుండా పోయాడు. కారు మాత్రం దొరికింది. దాని అద్దం మీద ‘ప్రెస్’ అని పెద్ద పెద్ద అక్షరాలున్నాయి. ఒకప్పుడు ఆ అక్షరాలు చూసి తుపాకీ దించేవాళ్ళు. ఇప్పుడు వాటిని చూసే గురి పెడుతున్నారని పెద్దాయన బాధ.

“మా దగ్గరున్నాడని ఒకడు ఫోన్ చేశాడు. నిజమో అబద్ధమో తెలీదు. మనిషి తప్పిపోయాడంటే చాలు, ఇలాంటివాళ్ళు గద్దల్లా వాలిపోతారు. అందుకే అతన్నే అడిగి చెప్పమని ఇంటివాళ్ళ తరఫున ఒక ప్రశ్న వేస్తాం. జవాబు సరిపోతే మాటలు కలుపుతాం. లేదంటే వాణ్ణి వదిలేసి ఇంకో దారి వెతుక్కుంటాం.”

“ఆయన నిజంగా వాడి దగ్గరే ఉండి, జవాబు తప్పితే?” అంది కోడలు.

“అందుకే బాగా ఆలోచించి చెప్పమంటున్నానమ్మా.”

“చిన్నప్పుడు వాణ్ణి బుడంకాయ్ అని పిలిచేవాళ్ళం,” అంది అత్తగారు.

“అది రాసేశాడండీ.”

“గోడ మీంచి పడితే గడ్డం కింద కుట్లు వేశారు.”

“అదీ రాశాడు. ఫోటోతో సహా.”

చిక్కంతా అక్కడే ఉంది. యుద్ధవార్తలతో పాటు అతను వారం వారం ఒక శీర్షిక రాస్తాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి కావడంతో ఇంటి గుట్టంతా అందులో రచ్చకెక్కింది. అన్నిటికంటే ఎక్కువగా ఎక్కింది భార్య చేతి కాఫీ. ‘ఫిరంగులు మోగుతున్నా మా ఆవిడ కాఫీ వాసనే ముక్కుకు తగులుతోంది’ అని రాసేవాడు. అది అమృతమనీ, దాన్ని తాగడానికైనా ప్రాణాలతో ఇంటికి చేరాలనీ రాసేవాడు. అది చదివి పక్కింటివాళ్ళు చిట్కా చెప్పమని వెంటపడితే, ఆమె నవ్వేసి “అది మా ఇంటి రహస్యం” అనేది.

“ఇంటికొచ్చిన మనిషికి ఉత్త మంచినీళ్ళతో సరిపెట్టావేమే? కాస్త కాఫీ పెట్టివ్వు,” అంది అత్తగారు. ఆవిడ ఆ ఉదయమే రైలు దిగింది. ఎప్పుడొచ్చినా వంటిల్లు ఆవిడ అధీనంలోకి పోయేది కాబట్టి కోడలి చేతి కాఫీ యోగం ఇంతవరకూ పట్టలేదు.

“ఆయన వచ్చాకే ఈ ఇంట్లో కాఫీ, అత్తయ్యా.”

ఆ మాటకు అత్తగారి కళ్ళు చెమర్చాయి. తనే లేచి వంటింట్లోకి వెళ్ళింది. కాఫీపొడి డబ్బా అన్నిటికంటే పై అరలో ఉంది. ఎంత నిక్కినా ఆవిడకు అందలేదు.

“నువ్వు నాకంటే పొట్టి. అంత ఎత్తున పెట్టుకున్నావేమే?”

“ఆయన పెట్టారు.”

ఆవిడ నాలుగు బిస్కెట్లు పళ్ళెంలో పెట్టి తీసుకొచ్చేసరికి కోడలు ఒక నిర్ణయానికి వచ్చినట్టుంది.

“‘మీ ఆవిడ కాఫీ ఎలా ఉంటుంది?’ అని అడగండి,” అంది.

పెద్దాయన చేతిలో గ్లాసు పెదాల దాకా వెళ్ళి ఆగిపోయింది. “అమ్మా, అది లోకమంతటికీ తెలిసిన సంగతి. పాత పేపరు తిరగేస్తే ఎవడైనా చెప్పేస్తాడు.”

“అదే అడగండి.”

“మతిగానీ పోయిందా నీకు? వాడి ప్రాణాలతో పరాచికాలా?” అంది అత్తగారు.

“ఇన్నేళ్ళు ఆయనతో కాపురం చేశాను. ఈ ఒక్కటీ నాకు వదిలెయ్యండి అత్తయ్యా.”

పెద్దాయన నిట్టూర్చాడు. “సరే. సరైన జవాబేదో మాక్కూడా చెప్పకండి. మా ఆఫీసులో గోడలకి చెవులే కాదు, నోళ్ళు కూడా ఉన్నాయి.” వరండాలోకి వెళ్ళి ఎవరికో ప్రశ్న అప్పజెప్పి వచ్చాడు.

ఆ మధ్యాహ్నమంతా అత్తగారు కోడలితో పలకలేదు. కోడలు ఆరిన బట్టలే మళ్ళీ మళ్ళీ మడతపెట్టింది. పైకి నిబ్బరంగా ఉన్నా లోపల భయంతో చచ్చిపోతోంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మనిషి నోట ఏ మాట వస్తుందో ఎవరికి తెలుసు? తన తెలివితేటలే ఆయన కొంప ముంచుతాయేమో అనుకుంది.

పొద్దు వాలుతుండగా ఫోన్ మోగింది. పెద్దాయన ఊఁ కొడుతూ విన్నాడు. వింటున్న కొద్దీ ఆయన మొహం పాలిపోయింది.

“లైన్లో ఉండు,” అని ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టాడు. “‘తెలీదు’ అన్నాడట.”

“తెలీదా?” అంది అత్తగారు.

“మళ్ళీ అడిగితే నవ్వాడట. నవ్వి, మళ్ళీ ఆ మాటే అన్నాడట.”

“వాడు కాదు,” అంటూ అత్తగారు మొహాన్ని చేతుల్లో దాచుకుంది. “నా కొడుకైతే ఆ కాఫీ గురించి భారతమంత చెప్పేవాడు.”

“నాకూ అలాగే అనిపిస్తోందండీ. దొంగ సచ్చినోడు, కనీసం పేపరైనా చదివినట్టు లేదు. ఇక వీణ్ణి వదిలేద్దాం,” అని పెద్దాయన ఫోన్ పెట్టెయ్యబోయాడు.

కోడలు చటుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. పెదాల మీద మాత్రం నవ్వు ఆగడం లేదు.

“పెట్టెయ్యకండి. మాట్లాడండి. ఆయనే. బతికే ఉన్నారు.”

“ఎలా చెప్పగలవే అంత గట్టిగా?” అంది అత్తగారు, తలెత్తి.

కోడలు కొంగుతో మొహం తుడుచుకుని, తప్పు చేసినదానిలా తలవంచుకుంది.

“నాకు కాఫీ పెట్టడం రాదత్తయ్యా.”