చెవిలో గింజ

జ్వరంతో మూలుగుతున్న తోటమ్మకు సూది వేయడానికి ఆరోగ్య కార్యకర్త నూకరత్నం వచ్చింది. ఏ గడపలో ఎంత ప్రేమగా మాట్లాడాలో ఇప్పుడు ప్రతి కార్యకర్త చెవిలోనూ గింజంత యంత్రం ఒకటి చెబుతూ ఉంటుంది; ఆ గింజలోని మాటలు ఎక్కడో పరాయి దేశం నుంచి వస్తాయి. ఆ సంగతి తోటమ్మ మొగుడు దానయ్యకు తెలుసు.

"బాగున్నావా మామా?"

"అడిగింది నువ్వా, అదా? ముందు దాన్ని పీకు. లేదంటే సూదీ లేదు, గీదీ లేదు."

నూకరత్నం గింజ తీసేసింది. ఆమె చేతులు వణికాయి. "అత్తకేటవుద్దోనని నాకూ బయమే మామా."

దానయ్య మెత్తబడబోయాడు. అంతలోనే అనుమానం పొడుచుకొచ్చింది. "వణకడం కూడా నేర్పినారేటే?"

"నేర్పినారు. ఇది మాత్రం అది కాదు."

"నాను సచ్చినాక తేల్చుకోండి" అని తోటమ్మ విసుగ్గా చెయ్యి చాపింది.

దానయ్య కళ్లు నూకరత్నం చేతిమీదే ఉన్నాయి. సూది దిగేటప్పుడు అది రవ్వంతైనా వణకలేదు.