వివిధ కళాకారులు

"బంజెయ్‌రా స్టీఫెన్, బంజెయ్."

స్టీఫెన్ పెదాల మీది నుంచి ట్రంపెట్ తీశాడు. ఎదురుగా బాబా ముఖం చేదుమాత్ర నమిలినట్టు ముడుచుకుపోయి ఉంది. గద్వాలలో ముప్పై ఏళ్లుగా పెళ్లి బ్యాండు నడిపిస్తున్న మనిషి.

"ఏమైంది ఉస్తాద్?"

"మంచిగ పైకి ఎక్కినవ్. ఎక్కినవ్, ఎక్కినవ్, నడిమిట్ల ఊపిరి సన్నం జేసి మాయమైనవ్. బరాత్‌ల గిట్ల మాయమైతే పెండ్లికొడుకు గుర్రం దిగి నిన్ను ఎతుకుతడు."

"ఆల్బంల పాట గట్లనే మాయమైతది ఉస్తాద్. నేను గట్లనే నేర్చుకున్న."

ఎల్లుండే అచ్చంపేటలో బరాత్. పెళ్లికొడుకుకు లాటిన్ జాజ్ అంటే పిచ్చి. అదే వాయించాలంటూ నలభై పాటల ఆల్బమొకటి పెన్‌డ్రైవ్‌లో వేసి పంపాడు. బాబా వారం రోజులు కూతురు ఫరీదా ఫోన్‌లో అసలు పాటలు వెతికి నిండుగా విన్నాడు. ప్రేమలో పడ్డాడు. ఆ తర్వాత ఈ ఆల్బం విన్నాడు.

"పెట్టవే ఫరీదా, ఆ దరిద్రం ఇంకోసారి ఇందాం."

బ్యాండు కోట్లకు గిల్టు గుండీలు కుడుతున్న ఫరీదా చెయ్యి చాచి స్పీకర్ మీట నొక్కింది.

మొదటి పాట ట్రంపెట్ లేచే చోట ఇసుకలో నీళ్లలా ఇంకిపోయింది. రెండోది కిటికీ రెక్కలు అదిరేలా మోగింది. మూడోది చెవి దగ్గర పెట్టుకున్నా వినపడేలా లేదు. తొమ్మిదో పాటకు బాబా తల ఎత్తాడు.

"ఇది ఇందాకటిదే కద?"

"మూడో పాటనే అబ్బాజాన్. పేరు మార్చి మళ్ల పెట్టిన్రు."

బాబా కిటికీలోంచి తుపుక్కున ఉమ్మాడు. "తొమ్మిది నిమిషాల పాటను మూడుకు కోసిండు. గద్వాల చీరలకెల్లి కొంగులు కోసి, కట్టగట్టి అమ్మినట్టుంది. వాయించినోళ్ల పేర్లన్న రాసిండా?"

"'వివిధ కళాకారులు' అని ఇంగ్లీషుల ఉంది."

"అంటే ఎవలే? పెండ్లి పత్రిక మీద 'వివిధ వధూవరులు' అని అచ్చేస్తే ఎవలన్న పోతరా?"

"నలభై అని చెప్పిన్రు కద. ఏడ దొరికితే ఆడికెల్లి ఎత్తుకొచ్చి లెక్క నింపినట్టున్నరు."

స్టీఫెన్ కిసుక్కుమన్నాడు. బాబా గిర్రున తిరిగాడు.

"నువ్వు నవ్వకు. రాయచూరు నుంచి ఒకాయనను పిలుస్తున్న. సోలో ఆయన వాయిస్తడు. నువ్వు గిలక్కాయలు ఊపు."

స్టీఫెన్ నవ్వు అక్కడే ఆగిపోయింది. ఇలాంటి ఒక సోలో కోసం అతను మూడేళ్లుగా కాచుకుని ఉన్నాడు.

"ఒక్క నిండు పాట దొరికితే నేర్చుకుంట ఉస్తాద్."

"నేర్చుకుంటే వచ్చేది కాదు బిడ్డా. లోపల ఉండాలె."

పాటలు నడుస్తూనే ఉన్నాయి. బాబా ఒక్కోదానికి ఒక్కో తిట్టు తిట్టాడు. ముప్పై ఏడో పాటకు తిట్టు నోట్లోనే నిలిచిపోయింది.

ఒంటరి ట్రంపెట్. కింద ఏదో తోలు వాద్యం. రికార్డింగ్ అంతా దుమ్ము కొట్టుకుని ఉంది. అయినా ఆ ఊపిరికి తొందర లేదు, బెదురు లేదు.

"సప్పుడు పెంచు," అన్నాడు బాబా మెల్లగా. "ఇగో, వీడు అసలైనోడు. ఆ వాద్యం ఇను, తోలును మంటకు కాగబెట్టి కొడుతున్నరు. అక్కడ గూడ తెలిసినోళ్లున్నరు. పాట పేరేంది?"

"'హవానా వీధులు' అని ఉంది."

"అద్గదీ. గిట్ల ఊదాలంటే హవానా నీళ్లు తాగాలె. మన జూరాల నీళ్లు తాగితే వస్తదా?"

స్టీఫెన్ వేళ్లు ట్రంపెట్ మీటల మీద వాటంతటవే కదులుతున్నాయి. అతను ఒక్క ఉదుటున లేచాడు.

"ఉస్తాద్, ఇది నేను..."

"నేర్చుకుంటనంటవ్, అంతే కద? నీతోని కాదు. కూసో."

"అది కాదు ఉస్తాద్..."

"నోరు మూయ్‌రా. నలభైల ఇదొక్కటన్న కోయకుండ ఇడిసిపెట్టిన్రు. ఆఖరుదాక ఇననీ."

బాబా కళ్లు మూసుకున్నాడు. ట్రంపెట్ పైకి, ఇంకా పైకి పోయింది. సరిగ్గా కొసకు చేరగానే బస్సు హారన్ ఒకటి పొడుగ్గా మోగింది. ఫరీదా చేతిలో సూది ఆగింది. హారన్‌ను మించి, స్పీకర్‌లోంచి ఒక బొంగురు గొంతు చిరాగ్గా అరిచింది:

"బంజెయ్‌రా స్టీఫెన్, బంజెయ్. కొత్తకోట బస్సుకు జర తొవ్వ ఇయ్యి."